గుండె, రక్తనాళాల జబ్బుల రివిజన్: ఏ భాగానికి ఏ పద్ధతి?

పరీక్షలు దగ్గరపడితే హాస్టల్లో తిరిగే ప్రశ్న ఒకటే: సీవీఎస్ (గుండె, రక్తనాళాల విభాగం) దేంట్లో చదవాలి? లావుపాటి మెడిసిన్ పుస్తకంలోనా, సీనియర్ల నోట్సులోనా, డబ్బు కట్టి కొన్న వీడియోల్లోనా, ప్రశ్నల బ్యాంకులోనా? ఈ నాలుగింటిలో ఒకదానికి ఓటు వేయమంటే నేను వేయను. గుండె జబ్బులన్నీ పుస్తకంలో ఒకే విభాగం కింద అచ్చయినంత మాత్రాన అన్నీ ఒకే తీరుగా బుర్రకెక్కవు. కవాటాల జబ్బులకు ఒత్తిడి లెక్క తెలిస్తే చాలు, లక్షణాలు వాటంతట అవే వరుసలో వస్తాయి. గుండెపోటును గంటలు, రోజుల వారీగా చదవాలి. ఈసీజీ కంటికి పట్టాల్సిన విద్య. వాస్క్యులైటిస్ (రక్తనాళాల వాపు జబ్బులు) దగ్గరకు వచ్చేసరికి మొహమాటం లేకుండా బట్టీ పట్టాల్సిందే. అందుకే ఒక్కో భాగాన్ని తీసుకుని, దానికి ఏ సాధనం సరిపోతుందో, ఏది సమయం తింటుందో చెబుతాను.

ముందు ఏ పరీక్ష?

ఫైనలియర్ థియరీ పేపరులో మీ చేత రాయిస్తారు. రుమాటిక్ ఫీవర్ (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత కీళ్లను, గుండెను దెబ్బతీసే జబ్బు), ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ (గుండె లోపొరకు ఇన్ఫెక్షన్), హార్ట్ ఫెయిల్యూర్, గుండెపోటు పాత ప్రశ్నపత్రాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వీటికి ప్రశ్నల బ్యాంకు ఎంత తిరగేసినా ఉపయోగం తక్కువ. నాలుగు ఆప్షన్లలో సరైనదాన్ని గుర్తుపట్టగలగడం వేరు, తెల్లకాగితం మీద నిర్వచనం నుంచి చికిత్స దాకా వరుసగా రాయగలగడం వేరు. థియరీకి పుస్తకమే దిక్కు, దాంతోపాటు చేత్తో రాసిన చిన్న చిన్న ప్రణాళికలు.

పీజీ సీట్ల కోసం రాసే నీట్ పీజీలో 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, తప్పుకు ఒక మార్కు కోత. 2024 నుంచి పేపరును 40 ప్రశ్నల చొప్పున ఐదు విభాగాలుగా చేసి, ఒక్కో విభాగానికి 42 నిమిషాలు ఇస్తున్నారు. ఆ సమయం దాటితే వెనక్కి వెళ్లి చూసుకునే వీలు లేదు. ఈసీజీ బొమ్మ మీద మూడు నిమిషాలు కూర్చుంటే పక్క ప్రశ్నలు పోయినట్టే. విదేశాల్లో ఎంబీబీఎస్ చేసి వచ్చిన మన పిల్లలు రాసే ఎఫ్ఎంజీఈలో 300 ప్రశ్నలకు 150 వస్తే గట్టెక్కినట్టు, తప్పులకు కోత లేదు. అక్కడ అరుదైన జబ్బుల వెంట పడటం దండగ. ఎక్కువగా వచ్చే అంశాలు గట్టిగా పట్టుకుని, తెలియనివాటికి కూడా ఏదో ఒకటి గుర్తించి రావడమే తెలివి.

ప్రాక్టికల్స్ సంగతి పూర్తిగా వేరు. లాంగ్ కేసుగా (రోగిని పూర్తిగా పరీక్షించి వివరించాల్సిన కేసు) కవాటం జబ్బున్న రోగి దొరికితే వీడియోలు కాపాడవు.

కవాటాలు: పట్టికా, తర్కమా?

ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. మర్మర్ల (గుండె శబ్దాల మధ్య వినిపించే అదనపు చప్పుళ్ల) పట్టిక చాలామంది గోడకు అంటించుకుంటారు. జబ్బు ఒక గడిలో, మర్మర్ ఒక గడిలో, ఎటు వ్యాపిస్తుందో ఇంకో గడిలో. చూడటానికి బాగుంటుంది, వైవాలో (మౌఖిక పరీక్షలో) రెండో ప్రశ్నకే చేతులెత్తేస్తుంది. ఎందుకంటే ఎగ్జామినర్ అడిగేది "ఏ మర్మర్?" అని కాదు, "ఎందుకు?" అని.

మిట్రల్ స్టెనోసిస్ (ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉన్న కవాటం ఇరుకవడం) తీసుకోండి. మామూలుగా మిట్రల్ కవాటం వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. అది ఇరుకైతే ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తులకు పాకితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, దగ్గితే రక్తం. కర్ణిక ఉబ్బితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు లయ తప్పి కొట్టుకోవడం), దాంతో రక్తం గడ్డలు, గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి నిలిచిపోతే పీ2 (ఆ ధమని కవాటం మూసుకునే శబ్దం) గట్టిగా వినిపిస్తుంది, ఆ తర్వాత కుడి జఠరిక అలసిపోతుంది, కాళ్లకు నీరు దిగుతుంది. ఈ గొడవ అంతటిలో ఎడమ జఠరిక మాత్రం క్షేమం. దానికి వచ్చే రక్తమే తక్కువ కాబట్టి అది పెరగదు. అందుకే ఏపెక్స్ (గుండె కొన కొట్టుకునే చోటు) పక్కకు జరగదు, చేతికి తట్టినట్టు మాత్రం తగులుతుంది. మీ రోగిలో ఏపెక్స్ కిందికీ బయటికీ జరిగి ఉంటే వెంటనే మిట్రల్ రిగర్జిటేషనో (కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి రావడం) అయోర్టిక్ కవాటం జబ్బో తోడుందని అనుమానించాలి. ఈ ఒక్క ముక్క చెబితే ఎగ్జామినర్ ముఖం మారుతుంది.

ఇదే తర్కంతో తీవ్రత కూడా తేలుతుంది. కర్ణికలో ఒత్తిడి ఎంత ఎక్కువైతే కవాటం అంత త్వరగా తెరుచుకుంటుంది. కాబట్టి ఏ2కూ (అయోర్టిక్ కవాటం మూసుకునే శబ్దం) ఓపెనింగ్ స్నాప్‌కూ (మిట్రల్ కవాటం తెరుచుకునే శబ్దం) మధ్య దూరం తగ్గితే జబ్బు ముదిరినట్టు. మర్మర్ ఎంత గట్టిగా వినిపించిందనే దానికన్నా డయాస్టోల్‌లో (గుండె సడలే దశలో) ఎంతసేపు సాగిందన్నదే లెక్క. గర్భిణిలో ఈ జబ్బు హఠాత్తుగా బయటపడటానికి కారణమూ ఇందులోనే ఉంది. గుండె వేగం పెరిగితే డయాస్టోల్ కుదించుకుపోతుంది, ఇరుకు దారిలో రక్తం దాటడానికి సమయం చాలదు. బీటా బ్లాకర్ ఎందుకు పనిచేస్తుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. పట్టికలో ఇవన్నీ విడివిడి గడులు. తర్కంలో ఇది ఒక్క వాక్యం పొడిగింపు.

అయోర్టిక్ స్టెనోసిస్, రిగర్జిటేషన్లను కూడా ఇలాగే నడిపించుకోవచ్చు. ఒకటి ఒత్తిడి భారం, జఠరిక గోడ మందమవుతుంది. రెండోది పరిమాణ భారం, జఠరిక సాగుతుంది. సాగిన జఠరిక ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది, అందులో కొంత వెనక్కి వచ్చేస్తుంది. అందుకే సిస్టోలిక్ ఎక్కువ, డయాస్టోలిక్ తక్కువ, నాడి ఎగిరెగిరి పడుతుంది. ఆ నాడి మీద, గోళ్ల మీద, మెడ మీద కనిపించే గుర్తులకు ఒక్కో డాక్టరు పేరు పెట్టి డజను దాకా చేశారు. వాటిలో మూడు నాలుగు చాలు.

పట్టిక పనికొచ్చే చోటు ఒకటుంది: రోగిని కదిలిస్తే మర్మర్ ఎలా మారుతుందన్నది. అక్కడ కూడా సూత్రం చిన్నదే. నిలబడినా, వాల్సాల్వా (ఊపిరి బిగబట్టి ముక్కడం) చేయించినా గుండెకు వచ్చే రక్తం తగ్గుతుంది, దాదాపు అన్ని మర్మర్లూ సన్నగిల్లుతాయి. హైపర్ట్రోఫిక్ కార్డియోమయోపతి (గుండె కండరం మందమయ్యే జబ్బు) మర్మర్ మాత్రం పెరుగుతుంది, మిట్రల్ ప్రొలాప్స్ (కవాటం రెక్క కర్ణికలోకి ఉబ్బడం) మర్మర్ ముందుకు జరిగి పొడవవుతుంది. ఈ రెండూ గుర్తుంటే ప్రశ్నల బ్యాంకులో ఆ వరస ప్రశ్నలన్నీ అయిపోయినట్టే.

ఇక వినడం గురించి. రికార్డు చేసిన గుండె శబ్దాలు ఇంటర్నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి. అవి మంచివే. ఎస్3 (మూడో గుండె శబ్దం) ఏదో, ఓపెనింగ్ స్నాప్ ఏదో తెలియని చెవికి అక్కడే మొదలు పెట్టాలి. కానీ వాటిలో రోగి దగ్గు ఉండదు, పక్క మంచం వారి మాటలుండవు, ఛాతీ మీద వెంట్రుకల చప్పుడుండదు. రాత్రి రికార్డు విని, పొద్దున అదే జబ్బున్న రోగి దగ్గరికి వెళ్లండి. రోగిని ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదలమని, స్టెత్ గంట వైపును తేలిగ్గా ఆనించి వినండి. రెండో చేయి కెరోటిడ్ మీద ఉండాలి, లేకపోతే సిస్టోల్ ఏదో డయాస్టోల్ ఏదో తేల్చలేరు. మన ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో రుమాటిక్ కవాటాల రోగులు ఇప్పటికీ కనిపిస్తున్నారు. పాశ్చాత్య దేశాల విద్యార్థులు బొమ్మల్లో నేర్చుకునేదాన్ని మనం వేలితో తాకి నేర్చుకోవచ్చు. ఇంత వనరు పక్కన పెట్టుకుని గదిలో రెండింతల వేగంతో వీడియో చూడటం నాకు అర్థం కాదు.

గుండెపోటు: ఒకే కాగితం మీద రెండు సబ్జెక్టులు

పాథాలజీలో ఇన్ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన కండరం) మార్పులు ఒక చోట, మెడిసిన్‌లో కాంప్లికేషన్లు ఇంకో చోట చదివేవారు రెండింటినీ మరిచిపోతారు. ఇక్కడ పుస్తకం, వీడియో అనే పోటీయే అనవసరం. ఒక కాగితం అడ్డంగా పెట్టి కాలరేఖ గీయండి. పైన సూక్ష్మదర్శినిలో కనిపించేది, కింద మంచం మీద జరిగేది.

మొదటి అరగంటలోపు కండరాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. మొదటి గంటల్లో వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (జఠరికలు లయ తప్పి వణకడం) ప్రాణం తీస్తుంది, ఆసుపత్రికి చేరకముందే జరిగే మరణాల్లో దీనిదే పెద్ద వాటా. ఒకటి నుంచి మూడు రోజుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు నిండుతాయి, అదే సమయంలో పెరికార్డియం రాపిడి శబ్దం. మూడు నుంచి ఏడు రోజుల్లో మ్యాక్రోఫేజ్‌లు చచ్చిన కండరాన్ని తినేస్తుంటాయి, గోడ అత్యంత మెత్తగా ఉండేది అప్పుడే. గోడ చిట్లితే టాంపొనేడ్ (గుండె చుట్టూ రక్తం చేరి దాన్ని నొక్కడం), మధ్య గోడ చిట్లితే కొత్త వీఎస్‌డీ (జఠరికల మధ్య రంధ్రం), ప్యాపిలరీ కండరం తెగితే మిట్రల్ రిగర్జిటేషన్. అందులోనూ వెనుక-లోపలి ప్యాపిలరీ కండరానికే ఎక్కువ ముప్పు, దానికి ఒకే ధమని దిక్కు. వారాలు గడిచాక డ్రెస్లర్ సిండ్రోమ్ (గుండె పైపొర వాపు), అన్యురిజం (గోడ ఉబ్బడం). రెండు నెలలకు మచ్చ గట్టిపడుతుంది. పైన మ్యాక్రోఫేజ్, కింద చిట్లడం ఒకే నిలువు గీత మీద కనబడితే ఇక మరుపు ఉండదు.

అదే కాగితం మీద కార్డియాక్ మార్కర్లూ (దెబ్బతిన్న గుండె కండరం నుంచి రక్తంలోకి వచ్చే పదార్థాలు) గీయండి. ట్రోపోనిన్ వారం నుంచి రెండు వారాల దాకా రక్తంలో నిలుస్తుంది. సీకే-ఎంబీ రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. నాలుగో రోజున మళ్లీ నొప్పి వస్తే పరీక్షల్లో సీకే-ఎంబీ ఎందుకు అడుగుతారో అప్పుడు తెలుస్తుంది.

చికిత్సలో ఎంపిక కూడా గడియారం చేతిలోనే ఉంది. ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచిన గుండెపోటులో 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ చేయించగలిగితే అదే దారి. లేకపోతే, నొప్పి మొదలై 12 గంటలు దాటకపోతే, గడ్డ కరిగించే మందు ఇచ్చి ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపాలి. ప్రశ్నలో "మారుమూల కేంద్రం", "మూడు గంటల ప్రయాణం" వంటి మాటలు ఊరికే పెట్టరు. యాంజియోప్లాస్టీ గొప్పదని ఎక్కడపడితే అక్కడ దాన్నే గుర్తించి మార్కు పోగొట్టుకునేవారు చాలామంది. మందు ఇచ్చేముందు నొప్పి వీపులోకి చీల్చుకుపోయిందా, రెండు చేతుల్లో బీపీ తేడా ఉందా అని చూడాలి. అయోర్టా చీలికకు గడ్డ కరిగించే మందు ఇస్తే చేజేతులా చంపినట్టే.

ఈసీజీ: వీడియో ఒక్కసారే

ఈసీజీ విషయంలో వీడియోకు నేను పూర్తి మార్కులు ఇస్తాను, కానీ ఒక్కసారికే. లీడ్లు ఎటు చూస్తాయో, చిన్న గడి 40 మిల్లీసెకన్లు ఎందుకో కదిలే బొమ్మలో తేలిగ్గా అర్థమవుతుంది. ఆ తర్వాత అదే వీడియోను మళ్లీ చూడటం ఈత పుస్తకం రెండోసారి చదవడం లాంటిది. కాగితం చేతిలోకి తీసుకుని వేగం, లయ, అక్షం, పీఆర్, క్యూఆర్‌ఎస్, ఎస్‌టీ అని ప్రతిసారీ అదే వరుసలో గట్టిగా చెప్పుకుంటూ చదవాలి. క్యాజువాలిటీలో డ్యూటీ పీజీని అడిగితే రోజుకు నాలుగైదు ఈసీజీలు చూడనిస్తారు.

అన్నీ అక్కర్లేదు. గుండెపోటులో ముందుభాగం, కిందిభాగం, వెనుకభాగం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఫ్లట్టర్, పీఎస్‌వీటీ (జఠరికల పైనుంచి పుట్టే అతివేగం), వీటీ (జఠరికల్లో పుట్టే అతివేగం), హార్ట్ బ్లాకులు, డబ్ల్యూపీడబ్ల్యూ (కర్ణిక నుంచి జఠరికకు అదనపు విద్యుత్ దారి), పొటాషియం పెరిగినప్పటి మొనదేలిన టీ తరంగాలు, పెరికార్డైటిస్ (గుండె పైపొర వాపు). ఇంతవరకు కంటికి అలవాటైతే పరీక్షలో బొమ్మ చూడగానే తెలుస్తుంది. రెండు ఉచ్చులు మాత్రం గుర్తుంచుకోండి. కిందిభాగం గుండెపోటులో బీపీ తక్కువగా ఉంటే కుడివైపు లీడ్లు పెట్టి చూడాలి, కుడి జఠరిక దెబ్బతింటే నైట్రేట్లు ఇవ్వకూడదు. డబ్ల్యూపీడబ్ల్యూ రోగికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తే వెరాపమిల్, డిగాక్సిన్ లాంటివి తాకకూడదు.

సీనియర్ల నోట్సు: వాడండి, కానీ సంవత్సరం చూసుకోండి

నోట్సు మీద నాకు చిన్నచూపు లేదు. బాగా రాసిన వంద పేజీలు లావు పుస్తకం కన్నా పరీక్ష ముందు ఎక్కువ పనికొస్తాయి. చిక్కల్లా అంకెలతోనే. గుండె జబ్బుల్లో ప్రమాణాలు తరచూ మారుతుంటాయి, నోట్సు మాత్రం చేతులు మారుతూ అలాగే ఉండిపోతుంది.

రుమాటిక్ ఫీవర్‌ను నిర్ధారించే జోన్స్ ప్రమాణాలే చూడండి. మొదట 1944లో వచ్చాయి, ఎన్నోసార్లు సవరించారు. 2015 సవరణలో జనాభాను ముప్పు తక్కువున్నవారు, మధ్యస్థంగానో ఎక్కువగానో ఉన్నవారు అని విడదీశారు. జబ్బు ఎక్కువగా ఉన్న మనలాంటి చోట ఒక్క కీలు వాపును, కొన్ని షరతులతో చాలా కీళ్ల నొప్పులను కూడా ప్రధాన లక్షణంగా లెక్కిస్తారు. జ్వరం 38 డిగ్రీలు చాలు, ఈఎస్ఆర్ (వాపును సూచించే రక్తపరీక్ష) 30 చాలు. ముప్పు తక్కువున్న చోట 38.5 డిగ్రీలు, ఈఎస్ఆర్ 60 ఉండాలి. స్టెత్‌కు ఏమీ వినపడకపోయినా ఎకోలో (గుండె స్కానింగ్‌లో) కార్డైటిస్ (గుండె వాపు) తేలితే అదీ ప్రధాన లక్షణమే. పాత నోట్సులో ఇవేవీ ఉండవు. మిట్రల్ స్టెనోసిస్ తీవ్రతను 1 చదరపు సెంటీమీటరు దగ్గర పెట్టిన నోట్సు కూడా పాతదే, ఇప్పుడు 1.5 దాకా తీవ్రమే అంటున్నారు. ఎండోకార్డైటిస్‌కు డ్యూక్ ప్రమాణాలు 2023లో మళ్లీ సవరించారు.

బీపీ విషయంలో గందరగోళం ఇంకాస్త ఎక్కువ. అమెరికావారు 2017లో 130/80 దగ్గరే హైపర్‌టెన్షన్ అన్నారు. యూరప్‌వారు 2024లోనూ 140/90ని వదల్లేదు. మన ప్రభుత్వ కార్యక్రమాల్లో వాడేదీ 140/90యే. థియరీ జవాబులో ఎవరి ప్రమాణం రాస్తున్నారో పేరు చెప్పి రాస్తే ఎవరూ మార్కు తగ్గించలేరు.

హార్ట్ ఫెయిల్యూర్ మందులకూ ఇదే జాగ్రత్త అవసరం. ఫురోసెమైడ్, డిగాక్సిన్ చుట్టూ తిరిగే నోట్సు అయితే పక్కన పెట్టండి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (జఠరిక ఒక్కసారికి బయటికి తోసే రక్తం శాతం) 40 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవారిలో ఆయుష్షు పెంచేవి నాలుగు వర్గాలు: ఏస్ ఇన్హిబిటర్ లేదా సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్ వర్గం, ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్. ఫురోసెమైడ్, డిగాక్సిన్ ఆయాసం తగ్గిస్తాయి, ఆయుష్షు మాట వేరు. ఫార్మకాలజీ పుస్తకంలో ఇవన్నీ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి కాబట్టి మందుల రివిజన్‌ను జబ్బుతో కలిపి చేసుకోవడమే మేలు.

పుట్టుకతో వచ్చే జబ్బులు

బొమ్మ గీయండి. నాలుగు గదులు, బాణాలు, ప్రతి గదిలో ఆక్సిజన్ శాతం. ఫాలో టెట్రాలజీ (నాలుగు లోపాలు కలిసి ఒళ్లు నీలంగా మారే జబ్బు) పిల్లవాడు గొంతుక్కూర్చుంటే ఎందుకు ఊరట పొందుతాడో, ఏఎస్‌డీలో (కర్ణికల మధ్య రంధ్రం) రెండో శబ్దం చీలిక ఎందుకు మారకుండా ఉంటుందో బాణాలే చెబుతాయి. ఎక్స్‌రేలు మూడు, నాలుగు కంఠతా పడితే సరి. ఇంతకు మించి ఎంబీబీఎస్ స్థాయిలో సమయం పెట్టాల్సిన పని లేదు.

రక్తనాళాలు: అనాథ పాఠం

ఈ భాగం సగం మెడిసిన్‌లో, సగం సర్జరీలో పడి ఎవరికీ చెందకుండా పోతుంది. వాస్క్యులైటిస్‌కు మాత్రం పట్టికే సరైన సాధనం, ఇక్కడ తర్కం పెద్దగా సాయపడదు. నాళం సైజు వరుసలో రాయండి. పెద్దవి: యువతిలో నాడి దొరకకపోతే టకయాసు, యాభై దాటినవారిలో తలనొప్పి, చూపు తగ్గడం ఉంటే జెయింట్ సెల్. మధ్యస్థం: హెపటైటిస్ బితో ముడిపడి, ఊపిరితిత్తులను వదిలేసే పాలీఆర్టిరైటిస్ నోడోసా, ఐదు రోజులు దాటిన జ్వరంతో పిల్లల్లో కవాసాకి. చిన్నవి: ఆంకా (ఒక రకం యాంటీబాడీ) పరీక్షల గుంపు. పాత నోట్సులో వెగెనర్ అని ఉంటే ఇప్పటి పేరు గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజైటిస్ అని సరిచేసుకోండి.

బ్యూర్గర్ జబ్బుకు పట్టికలో ఒక వరుస ఇస్తే చాలదు. బీడీలు కాల్చే యువకుడు, కాలి వేలు నల్లబడటం, నడిస్తే పిక్క నొప్పి: ఇది మన సర్జరీ వార్డుల్లో నిజంగా ఎదురయ్యే కేసు, షార్ట్ కేసుగానూ పెడతారు. కాలి నాడులన్నీ వరుసగా తాకి చూపించడం, యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్ (చీలమండ బీపీకీ చేతి బీపీకీ నిష్పత్తి) 0.9 కన్నా తక్కువైతే అర్థమేమిటో చెప్పడం, వేరికోస్ సిరలకు చేసే పరీక్షలు చేసి చూపించడం పుస్తకంలో చదివితే రావు. స్నేహితుడి కాలు మీద సాధన చేయాలి. పాప్లిటియల్ నాడి (మోకాలి వెనుక నాడి) మొదటిసారే దొరికిందని చెప్పేవారిని నేను నమ్మను.

ప్రశ్నల బ్యాంకు ఎప్పుడు?

మొదట్లో కొన్ని, చివర్లో చాలా. మధ్యలో వద్దు. చదవకముందే ఒక ఇరవై ప్రశ్నలు చేస్తే ఏ భాగం బలహీనమో తెలుస్తుంది. ఆ తర్వాత పైన చెప్పినట్టు భాగాల వారీగా చదివి, చివరికి అన్నీ కలిపి, సమయం పెట్టుకుని చేయాలి. సీవీఎస్ ప్రశ్నలను ఒకే గుంపుగా చేస్తే స్కోరు మోసం చేస్తుంది. జవాబు గుండె జబ్బేనని ముందే తెలిసినప్పుడు ఛాతీనొప్పికి పల్మనరీ ఎంబాలిజం, న్యుమోథొరాక్స్, అన్నవాహిక సమస్య ఎవరికీ గుర్తుకు రావు. రెస్పిరేటరీ, గ్యాస్ట్రో ప్రశ్నలు కలిపిన సెట్లే చేయండి.

రోజులు తక్కువైతే

రెండు వారాలు చేతిలో ఉంటే మొదటి వారం కవాటాలు, రుమాటిక్ ఫీవర్, ఎండోకార్డైటిస్‌కు, ఉదయాలు వార్డుకు. రెండో వారం గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్, బీపీ, రోజూ ఈసీజీలు, సాయంత్రాలు రక్తనాళాలు. ఐదు రోజులే ఉంటే కార్డియోమయోపతిల్లో అరుదైనవి, గుండె కణుతులు, వాస్క్యులైటిస్ పట్టికలో చిన్న నాళాల వరుస వదిలేయండి. గుండెపోటు కాలరేఖ, మిట్రల్ స్టెనోసిస్ వరుస, జోన్స్ ప్రమాణాలు, హార్ట్ ఫెయిల్యూర్ మందులు వదలకండి.

రేపే ప్రాక్టికల్ అయితే పుస్తకం మూసేసి, రూమ్మేట్‌ను మంచం మీద పడుకోబెట్టి, 45 డిగ్రీల్లో దిండు సర్ది, నాడి, బీపీ, జేవీపీ (మెడ సిరలో ఒత్తిడి), ఏపెక్స్, నాలుగు చోట్ల వినడం, చివర ఊపిరితిత్తుల అడుగుభాగం, కాళ్ల వాపు దాకా ఆగకుండా చేయండి. జేవీపీ దగ్గర చేయి ఆగిపోతే అక్కడే మళ్లీ మొదలు పెట్టండి, ఎగ్జామినర్ ఆపేదీ సాధారణంగా అక్కడే.